కిడ్నీ బేరం: లండన్ నుంచి పల్నాడు దాకా

(స్విండన్ కమ్యూనిటీ రేడియో తెలుగు కార్యక్రమంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

ఆదివారం పూట, ఇడ్లీలు తింటూనో, పిల్లల్ని ఈత క్లాసుకి తీసుకెళ్తూనో ఈ కార్యక్రమం వినే మీకు ఇవాళ కాస్త బరువైన విషయం చెప్పబోతున్నాను. మనిషి శరీరంలోని అవయవాల్ని డబ్బిచ్చి కొనుక్కోవచ్చా, అమ్ముకోవచ్చా అన్నది ఆ విషయం. ఇదేదో నీతిబోధ అనుకుని రేడియో కట్టేయకండి. ఇందులో మన తెలుగు ఊళ్ళున్నాయి, లండన్ ఉంది, చివరికి మన స్విండన్ కూడా ఉంది. నేను డాక్టర్ని కాను, లాయర్ని కాను. చరిత్ర చదువుకోవడం నాకో అలవాటు, అంతే.

స్విండన్‌తోనే మొదలుపెడతాను. మిల్టన్ రోడ్డులో పాత ఎర్ర ఇటుకల భవనం ఒకటుంది కదా, హెల్త్ హైడ్రో అంటారు. మనలో చాలామంది పిల్లలు ఈత నేర్చుకున్నది అక్కడే. దాన్ని 1891-92లో కట్టించింది ప్రభుత్వం కాదు, ఏ జమీందారూ కాదు. రైల్వే వర్క్‌షాపు కార్మికుల మెడికల్ ఫండ్ కట్టించింది. గ్రేట్ వెస్టర్న్ రైల్వే ఇక్కడ వర్క్‌షాపు తెరిచింది 1843లో. నాలుగేళ్ళకే, అంటే 1847లో, కార్మికులు జీతంలోంచి తలాకొంచెం తీసి ఒక నిధి పెట్టుకున్నారు. ఎవరికి జబ్బు చేసినా, ఎవరి చెయ్యి యంత్రంలో పడినా వైద్యం ఆ నిధిలోంచే. తర్వాత ఆస్పత్రి వచ్చింది, మందుల షాపు వచ్చింది, స్నానాల గదులు వచ్చాయి. కాలో చెయ్యో పోయినవాళ్ళకి కొయ్యకాళ్ళు, కృత్రిమ చేతులు రైల్వే వర్క్‌షాపులోనే తయారుచేసి ఇచ్చేవారు. 1948 జూలై 5న ఎన్.హెచ్.ఎస్. మొదలైనప్పుడు ఈ నిధి అందులో కలిసిపోయింది. ఎన్.హెచ్.ఎస్. పెట్టిన అనైరిన్ బెవాన్‌కి మా ఊరే దారి చూపించిందని స్విండన్ పెద్దలు ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు.

ఈ కథ ఎందుకు చెప్పానంటే, అవయవాల విషయంలో ప్రపంచం ముందున్న ప్రశ్న కూడా అదే. ఒకడికి ఆపదొస్తే అందరూ తలాకొంచెం వేసుకుని ఆదుకోవడం ఒక దారి. డబ్బున్నవాడు లేనివాడి దగ్గర కొనుక్కోవడం ఇంకో దారి. ఈ రెండో దారిలో ఎవరెవరు నడిచారో, ఎక్కడ తేలారో చూద్దాం.

మొదట వైద్యం సంగతి. ఒక మనిషి కిడ్నీని ఇంకో మనిషికి పెట్టి బతికించడం మొదటిసారి సాధ్యమైంది 1954 డిసెంబర్లో, అమెరికాలోని బోస్టన్‌లో. డాక్టర్ జోసెఫ్ మర్రే ఒక కవల సోదరుడి కిడ్నీ తీసి ఇంకో కవలకి అమర్చాడు. బ్రిటన్‌లో మొదటిసారి 1960లో ఎడిన్‌బరాలో చేశారు. అక్కడా కవలలే. మన దేశంలో 1971లో వేలూరు సి.ఎం.సి.లో విజయవంతంగా జరిగింది. చిత్తూరు, నెల్లూరు వైపు వాళ్ళకి వేలూరు ఆస్పత్రి గురించి నేను వేరే చెప్పక్కర్లేదు.

ఎప్పుడూ కవలలే, అన్నదమ్ములే ఎందుకు? మన ఒంటికి పరాయి వస్తువు పడదు. పరాయివాళ్ళ కిడ్నీ పెడితే శరీరం దాన్ని శత్రువనుకుని చంపేస్తుంది. అందుకే ఆ రోజుల్లో కిడ్నీ కొనుక్కోవాలన్నా కొనుక్కుని లాభం లేదు. రక్తసంబంధం ఉంటేనే నిలబడే అవకాశం ఎక్కువ. ఈ పరిస్థితిని మార్చింది సైక్లోస్పోరిన్ అనే మందు. కేంబ్రిడ్జిలో రాయ్ కాల్న్ దాన్ని మార్పిడి రోగులకి వాడి చూశాడు. 1983 నుంచి అది అందరికీ అందుబాటులోకి వచ్చింది. ఆ మందుతో లక్షల ప్రాణాలు నిలబడ్డాయి. కానీ అదే మందు ఇంకో తలుపు కూడా తెరిచింది. ఇకనుంచి కిడ్నీ ఇచ్చేవాడు తమ్ముడే కానక్కర్లేదు. ముక్కూమొహం తెలియనివాడైనా ఫరవాలేదు. అంటే, మొట్టమొదటిసారి మనిషి కిడ్నీ అమ్ముడుపోయే సరుకైంది.

సరుకు ఉందంటే బజారు రాకుండా ఉంటుందా? ఎమిరేట్స్, ఒమాన్ దేశాల నుంచి కిడ్నీ రోగులు బొంబాయికి విమానాలెక్కారు. 1984కి, 1988కి మధ్య అలా వెళ్ళి కిడ్నీ కొనుక్కొచ్చిన 130 మంది గురించి 1990లో లాన్సెట్ పత్రికలో ఒక నివేదిక వచ్చింది. వాళ్ళలో చనిపోయినవాళ్ళు మామూలుకంటే చాలా ఎక్కువ. హెచ్.ఐ.వి., కామెర్లు వంటి అంటురోగాలు కిడ్నీతో పాటు ఇంటికి తెచ్చుకున్నవాళ్ళున్నారు. ఎందుకంటే, అమ్మేవాడు తన జబ్బు చెప్పడు, చెబితే బేరం పోతుంది. దళారీ పరీక్షలు చేయించడు, చేయిస్తే ఆలస్యమవుతుంది. కొన్నవాడూ మోసపోయేది ఇక్కడే.

బజారు బొంబాయితో ఆగలేదు, లండన్‌కీ వచ్చింది. 1989 జనవరిలో బ్రిటన్ పత్రికలన్నీ ఒకే కథ రాశాయి. టర్కీ నుంచి పేదవాళ్ళని తీసుకొచ్చి, లండన్‌లోని హ్యుమానా వెల్లింగ్టన్ అనే ప్రైవేటు ఆస్పత్రిలో వాళ్ళ కిడ్నీలు తీసి డబ్బున్న రోగులకి పెట్టారన్నది ఆ కథ. ఇచ్చినవాళ్ళకి ముట్టింది రెండు మూడు వేల పౌండ్లు. దేశమంతా గగ్గోలెత్తింది. పార్లమెంటు ఆఘమేఘాల మీద కదిలింది. అదే ఏడాది జూలై 27కల్లా మానవ అవయవాల మార్పిడి చట్టం వచ్చేసింది. డబ్బుకి అవయవం కొనడం, అమ్మడం, మధ్యవర్తిత్వం చెయ్యడం, ప్రకటన ఇవ్వడం, అన్నీ నేరమే. 1990లో జనరల్ మెడికల్ కౌన్సిల్ డాక్టర్ రేమండ్ క్రాకెట్ పేరు వైద్యుల జాబితాలోంచి తీసేసింది. ఇద్దరు సర్జన్ల మీద ఆంక్షలు పెట్టింది.

కథ ఇక్కడితో సుఖాంతం అనుకున్నారు అందరూ. ఒక్కరు మాత్రం చెయ్యెత్తి ప్రశ్న వేశారు. ఆవిడ జానెట్ రాడ్‌క్లిఫ్ రిచర్డ్స్ అనే తత్త్వశాస్త్రవేత్త. ఆ టర్కీవాళ్ళలో ఒకాయన తన చిన్నకూతురి వైద్యానికి డబ్బు కోసం కిడ్నీ అమ్ముకున్నాడు. ఆయన్ని టీవీలో చూపించి అయ్యో పాపం అన్నాం, చట్టం చేశాం. కానీ ఆ కూతురికేం చేశాం? ఆయనకున్న దారుల్లో అదే మంచిదని ఆయన ఎంచుకున్నాడు. మనం ఆ దారి మూసేసి, ఇంకో దారి చూపించకుండా ఇంటికెళ్ళిపోయాం. మన అసహ్యం తీరింది గానీ ఆయన దరిద్రం తీరిందా? ఆవిడ వాదన సారాంశం ఇది. 1998లో మరికొందరితో కలిసి లాన్సెట్‌లో ఈ వాదన ప్రచురించారు.

నేను దీన్ని తేలిగ్గా తీసిపారేయను. చాలా మంచి ప్రశ్న అది. అమ్మకం తప్పనే ప్రతివాడూ దీనికి జవాబు చెప్పుకుని తీరాలి. జవాబు కోసం మన వైపు వెళ్దాం పదండి.

మద్రాసులో విల్లివాక్కం అనే పేట ఉంది. 1980ల చివరికి ఎంతమంది అక్కడ కిడ్నీలు అమ్ముకున్నారంటే, దానికి జనం కిడ్నీవాక్కం అని పేరు పెట్టారు. అప్పటికి మన దేశంలో దీనికి చట్టమే లేదు. 1994లో పార్లమెంటు మానవ అవయవాల మార్పిడి చట్టం చేసింది. మన ఆంధ్రప్రదేశ్ 1995లో సొంతంగా ఒక చట్టం చేసుకుంది. అమ్మకం నిషిద్ధం. తల్లి, తండ్రి, భార్య, భర్త, కొడుకు, కూతురు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఇవ్వచ్చు. 2011 సవరణలో తాతలు, అమ్మమ్మలు, మనవలు కూడా చేరారు. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ కేంద్ర చట్టంలో ఒక చిన్న కిటికీ వదిలారు. బంధువు కాకపోయినా, రోగి మీద ప్రేమాభిమానాలతో ఎవరైనా ఇవ్వదలచుకుంటే కమిటీ అనుమతితో ఇవ్వచ్చు. ఉద్దేశం మంచిదే. ప్రాణస్నేహితుడు ఇస్తానంటే కాదనడం ఎలా? కానీ దళారులు ఆ కిటికీలోంచే దూరారు. నిన్నటిదాకా ఒకరి మొహం ఒకరు చూడని కోటీశ్వరుడికీ కూలివాడికీ మధ్య కాగితం మీద ఎక్కడలేని ప్రేమాభిమానాలు పుట్టుకొచ్చాయి.

ఇక మన పల్నాడు. 1997-98లో పత్తి రైతులకి ఏం జరిగిందో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. పురుగు పట్టింది, మందు పనిచెయ్యలేదు, అప్పు మిగిలింది. వరంగల్‌లో, గుంటూరులో రైతులు ఏ పురుగుల మందు అప్పుకి తెచ్చారో అదే తాగి చచ్చిపోయారు. ఆ తర్వాత, 2000 ప్రాంతంలో, గుంటూరు జిల్లా రెంటచింతల మండలం పేరు ఇంకో రకంగా పత్రికలకెక్కింది. అప్పు తీర్చడానికి రైతులు, కూలీలు కిడ్నీలు అమ్ముకుంటున్నారన్న వార్త అది. చావడానికి మనసొప్పనివాళ్ళు బతకడానికి వెతుక్కున్న దారి అది అనుకోవాలి.

తర్వాత ఇది ఆగిందా అంటే, లేదు. 2016 జనవరిలో నల్గొండ పోలీసులు ఒక ముఠాని పట్టుకున్నారు. ఇక్కడివాళ్ళని కొలంబో తీసుకెళ్ళి అక్కడి ప్రైవేటు ఆస్పత్రుల్లో కిడ్నీలు తీయిస్తున్నారని తేలింది. ఆ దెబ్బకి శ్రీలంక ప్రభుత్వం విదేశీయులకి కిడ్నీ మార్పిడి ఆపరేషన్లు నిలిపేసింది. 2023 ఏప్రిల్లో విశాఖ దగ్గర పెందుర్తిలో ఇంకో కేసు. 2025 జనవరిలో హైదరాబాద్ సరూర్‌నగర్‌లో ఒక చిన్న ఆస్పత్రి మీద అధికారులు దాడి చేస్తే, మార్పిడికి అనుమతే లేనిచోట ఆపరేషన్లు జరుగుతున్నాయని బయటపడింది. ఈసారి ఇచ్చినవాళ్ళు తమిళనాడు నుంచి వచ్చినవాళ్ళు. పాతికేళ్ళలో ఊళ్ళు మారాయి, దళారుల ఫోన్లు మారాయి. అమ్ముకునేవాడి పరిస్థితి మారలేదు.

ఇప్పుడు రిచర్డ్స్ గారి ప్రశ్నకి వద్దాం. అమ్ముకుంటే పేదవాడికి లాభమా కాదా? ఇది అభిప్రాయాలతో తేలేది కాదు, లెక్కలు కావాలి. ఆ లెక్క వేసినవాళ్ళున్నారు. 2001లో చెన్నైలో కిడ్నీ అమ్ముకున్న 305 మందిని వెతికి పట్టుకుని మాట్లాడారు. ఆ అధ్యయనం 2002లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చింది. వాళ్ళలో 96 శాతం మంది అమ్ముకున్నది అప్పు తీర్చడానికి. ఇస్తామన్నది సగటున 1,410 డాలర్లు, చేతికొచ్చింది 1,070. సరే, దళారీ తిన్నాడు, మామూలే. అసలు సంగతి ఆ తర్వాతది. ఆపరేషన్ తర్వాత కుటుంబ ఆదాయం సగటున మూడోవంతు పడిపోయింది. అప్పు కోసమే అమ్ముకున్నవాళ్ళలో దాదాపు నాలుగింట మూడొంతుల మందికి అప్పు ఇంకా అలాగే ఉంది. 86 శాతం మంది ఆరోగ్యం దెబ్బతిందన్నారు. మీలాంటి ఇంకొకరికి ఈ సలహా ఇస్తారా అని అడిగితే 79 శాతం మంది వద్దు అన్నారు.

ఇదీ జవాబు. ఒక తలుపు మూసేస్తే పేదవాడికి నష్టం అనుకున్నాం. ఆ తలుపు అవతల ఉన్నది గొయ్యి. ఆఫీసులో కుర్చీలో కూర్చుని పనిచేసే మనకి ఒక కిడ్నీ పోతే, మంచి వైద్యం, విశ్రాంతి ఉంటే, మామూలుగా బతకచ్చు. ఇక్కడ బ్రిటన్‌లో కిడ్నీ దానం చేసిన చాలామంది అలాగే బతుకుతున్నారు. కానీ బస్తాలు మొయ్యాల్సినవాడికి, పొలంలో నడుం వంచాల్సినవాడికి, ఆపరేషన్ తర్వాత చెకప్‌కి వెళ్ళే స్తోమత లేనివాడికి ఒళ్ళే పెట్టుబడి. ఆ పెట్టుబడి కోసి అమ్ముకుని వడ్డీ కడితే ఏం మిగులుతుంది?

ఇంకో మాట కూడా ఉంది, అది ఇంకా భయంకరమైనది. లారెన్స్ కోహెన్ అనే మానవశాస్త్రవేత్త చెన్నై పేటల్లో తిరిగి 1999లో రాశాడు. కిడ్నీలు అమ్ముడుపోయే చోట అప్పిచ్చేవాళ్ళ ప్రవర్తనే మారిపోయిందట. మీ దగ్గర ఏమీ లేదు, ఇవ్వలేరు అని వదిలేసే రోజులు పోయాయి. ఒళ్ళో కిడ్నీ ఉందిగా, అమ్మి కట్టు అనే రోజులొచ్చాయి. అంటే, కిడ్నీ అమ్ముకోవడం ఇష్టం ఉన్నవాడికి ఒక దారి దొరికిందని మనం అనుకుంటాం. కానీ అది బజారులోకి వచ్చిన మరుక్షణం, ఇష్టం లేనివాడి కిడ్నీ కూడా తాకట్టు వస్తువైపోతుంది. ఇల్లు, పొలం, పుస్తెలు, చివరికి కిడ్నీ. మంగళసూత్రం తాకట్టు పెట్టినవాళ్ళ కథలు మనం చాలా విన్నాం కదా. ఆ వరసలో తర్వాతది ఇదన్నమాట. చెన్నైలో ఆ 305 మందిలో 71 శాతం ఆడవాళ్ళే అని కూడా ఇక్కడ చెప్పుకోవాలి. మీరెందుకు అమ్మారమ్మా, మీ ఆయన కాదేం అంటే, ఆయన సంపాదించే మనిషి కదా అన్నవాళ్ళు, ఆయనకి ఒంట్లో బాగాలేదు అన్నవాళ్ళు వాళ్ళలో చాలామంది.

మరి దళారుల్ని తీసేసి ప్రభుత్వమే న్యాయమైన ధర ఇచ్చి కొంటే? ఈ వాదన ఇంగ్లండులో జాన్ హారిస్ వంటివాళ్ళు గట్టిగా చేశారు. కొనేది ఒక్క ప్రభుత్వమే కావాలి, వచ్చిన కిడ్నీ డబ్బుని బట్టి కాకుండా అవసరాన్ని బట్టి ఇవ్వాలి అన్నారు. దీనికి దగ్గరగా నడుస్తున్నది ఒక్క ఇరాన్‌లోనే. అక్కడ 1988 నుంచి బంధువు కానివాళ్ళు డబ్బు తీసుకుని కిడ్నీ ఇవ్వడం చట్టబద్ధం. కిడ్నీ కోసం ఎదురుచూసే వరస బాగా తగ్గిందని వాళ్ళు చెప్పుకుంటారు. నిజమే, అది చిన్న విషయం కాదు. కానీ అక్కడ కూడా అమ్ముకున్నది ఎవరు అని చూస్తే పేదవాళ్ళే. కెర్మాన్‌షా నగరంలో 300 మందిని కలిసి చేసిన అధ్యయనం 2001లో వచ్చింది. వాళ్ళలో ఎక్కువమంది మళ్ళీ అవకాశం వస్తే అమ్మం అన్నారు. చట్టం మంచిదైనంత మాత్రాన కిందున్న పేదరికం మారిపోదు.

ఇంతవరకూ ఇది ఎక్కడో జరిగే కథలా ఉంది కదూ? ఇప్పుడు మన దగ్గరికి వస్తాను. ఆ మధ్య మన తెలుగువాళ్ళ కలయికలో ఒక పెద్దాయన నన్ను పక్కకి పిలిచారు. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్తారాయన. ఉద్యోగం సగం రోజులకి తగ్గించుకున్నారు. ఇండియా నుంచి ఆయన తమ్ముడు ఫోన్ చేసి, "అన్నయ్యా, నువ్వొచ్చేయ్, ఇక్కడ అన్నీ మాట్లాడి పెట్టాను, మనిషి దొరికాడు" అన్నాట్ట. "ఏమంటారు? చరిత్ర చదివే మనిషి కదా మీరు, చెప్పండి" అని అడిగారు. తప్పండీ అన్నాను. "తప్పని నాకూ తెలుసండీ. మీ అబ్బాయికే ఈ జబ్బయితే అప్పుడూ ఇలాగే అంటారా?" అన్నారు. కోపంతో కాదు, నిజంగానే అడిగారు.

ఆ ప్రశ్న నేను చాలా రోజులు మోశాను. నిజాయితీగా చెప్పాలంటే, నా కొడుకైతే నా మనసు అడ్డదారుల్ని వెతకదని ప్రమాణం చెయ్యలేను. ఏ తండ్రీ చెయ్యలేడు. కానీ చట్టం ఉన్నది అందుకే. మనం భయంలో ఉన్నప్పుడు ఏం చేస్తామో తెలుసు కాబట్టే, భయం లేనప్పుడు కూర్చుని ఒక గీత గీసుకుంటాం. ఆ భయం నా ఒక్కడిదే కూడా కాదు. అవతల అమ్ముకునేవాడు కూడా ఒక కూతురి వైద్యం కోసం వచ్చిన తండ్రే కావచ్చు, ఆ టర్కీ మనిషిలాగ. ఇద్దరు తండ్రుల భయాన్ని ఒకరికెదురుగా ఒకరిని నిలబెట్టి బేరం ఆడించి, మధ్యలో కమిషన్ తీసుకునేవాడు దళారి.

ఆయనకి నేను చెప్పిన ఇంకో సంగతి మీకూ చెప్పాలి, చాలామందికి తెలియదు. 1989 చట్టం స్థానంలో ఇక్కడ 2004 హ్యూమన్ టిష్యూ చట్టం వచ్చింది. అందులో అవయవాల వ్యాపారానికి మూడేళ్ళదాకా జైలు. 2022 జూలై 1 నుంచి ఇంకో మార్పు జరిగింది. ఇంగ్లండులో స్థిరంగా ఉంటున్నవాళ్ళు విదేశానికి వెళ్ళి అవయవం కొనుక్కున్నా అది ఇక్కడ నేరమే. అంటే, హైదరాబాదులో కొన్నా, కొలంబోలో కొన్నా స్విండన్‌లో కేసు పెట్టచ్చు. ఇండియా చట్టం కూడా 2011 సవరణ తర్వాత, భారతీయుడైన దాత దగ్గరి బంధువు కాకపోతే విదేశీ పౌరుడికి అవయవం ఇవ్వడానికి వీల్లేదంటుంది. మనలో బ్రిటిష్ పాస్‌పోర్టు తీసుకున్నవాళ్ళు ఎంతమందో లెక్కేసుకోండి.

చట్టాలు కాగితం మీదే ఉంటాయి అనుకోవద్దు. 2023 మేలో లండన్ ఓల్డ్ బెయిలీ కోర్టు ఐక్ ఎక్వెరెమడు అనే నైజీరియా సెనేటర్‌కి తొమ్మిదేళ్ళ ఎనిమిది నెలలు శిక్ష వేసింది. జబ్బుతో ఉన్న కూతురి కోసం లేగోస్ వీధుల్లో సరుకులమ్ముకునే కుర్రవాణ్ణి దగ్గరి బంధువని చెప్పి లండన్ తీసుకొచ్చారు. రాయల్ ఫ్రీ ఆస్పత్రి డాక్టర్లకి అనుమానమొచ్చి ఆపరేషన్ ఒప్పుకోలేదు. ఆధునిక బానిసత్వ చట్టం కింద అవయవం కోసం మనిషిని తరలించిన నేరానికి ఈ దేశంలో పడిన మొదటి శిక్ష అది. ఆయన భార్యకీ, మధ్యలో ఉన్న డాక్టర్‌కీ కూడా జైలు పడింది. హోదా, డబ్బు, కన్నప్రేమ, మూడూ ఉన్నాయి. మూడూ అక్కరకి రాలేదు.

కొనడం తప్పయితే ఇవ్వడం అంతా ఒప్పేనా? అదీ కాదు. ఇండియాలో బతికుండగా కిడ్నీ ఇచ్చేవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ. భార్య భర్తకిస్తుంది, తల్లి కొడుక్కిస్తుంది. ప్రేమతోనే ఇస్తారు చాలామంది. కానీ "నువ్వుకాక ఇంకెవరిస్తారమ్మా" అని అత్తగారు అన్నప్పుడు కోడలు వద్దనగలదా? అక్కడ డబ్బు చేతులు మారలేదు కాబట్టి అంతా శుభ్రం అనుకోకూడదు. ఇక్కడి పద్ధతిలో నాకు నచ్చింది ఒకటుంది. బతికున్న దాత ఎవరైనా సరే, స్వతంత్రంగా ఉండే ఒక అధికారి ఆ మనిషిని విడిగా కూర్చోబెట్టి అడుగుతారు, ఇది మీ ఇష్టమేనా, ఎవరైనా ఒత్తిడి పెట్టారా, డబ్బిస్తామన్నారా అని. ఇండియా నుంచి తమ్ముణ్ణో చెల్లెల్నో దాతగా పిలిపించుకోవాలనుకునేవాళ్ళకి ఇది చాదస్తంలా అనిపిస్తుంది. కానీ "వద్దు" అనే మాట చెప్పడానికి మన ఇళ్ళల్లో చోటుండదు. ఆ గదిలో ఉంటుంది.

మరి దారేది? ఇక్కడే నాకు మిల్టన్ రోడ్డు భవనం గుర్తొస్తుంది. తలాకొంచెం వేసుకునే పద్ధతి అవయవాలకి కూడా ఉంది. ఒకటి, జతల మార్పిడి. మీ భార్య ఇస్తానంటోంది, గ్రూపు కుదరలేదు. ఇంకో ఊళ్ళో ఇంకో జంటది కూడా అదే కథ. ఈ భార్య కిడ్నీ ఆ భర్తకి, ఆ భార్యది ఈ భర్తకి. బ్రిటన్‌లో ఈ పథకం 2007 నుంచి నడుస్తోంది, 2011 సవరణతో ఇండియాలోనూ చట్టబద్ధమైంది. రెండోది, చనిపోయాక ఇవ్వడం. తెలుగునాట దీని పేరు జీవన్‌దాన్. హైదరాబాద్ నిమ్స్ కేంద్రంగా 2013లో మొదలైంది. మరణించినవాళ్ళ అవయవదానంలో తెలంగాణ ఇప్పుడు దేశంలో ముందువరసలో ఉంది. దేశం మొత్తం మీద 2013లో ఐదువేలలోపు మార్పిడులు జరిగితే, 2024లో 18,900 పైచిలుకు జరిగాయి. కిడ్నీ బజారుకి సరైన విరుగుడు పోలీసు ఒక్కడే కాదు. దానం పెరిగినకొద్దీ దళారీకి గిరాకీ తగ్గుతుంది.

ఇది జరిగే పనేనా అంటే, రక్తం విషయంలో జరిగింది. పెద్దాస్పత్రుల గేట్ల దగ్గర రక్తం అమ్ముకునేవాళ్ళు నిలబడి ఉండే రోజులు మీలో యాభై దాటినవాళ్ళకి గుర్తుంటాయి. సుప్రీంకోర్టు 1996లో తీర్పిచ్చింది, 1998 జనవరి 1 నుంచి రక్తం అమ్మకం ఆగాలని. రక్తం దొరక్క జనం చచ్చిపోతారని భయపడ్డారు. కాలేజీ కుర్రాళ్ళు, సినిమా హీరోల అభిమాన సంఘాలు రక్తదాన శిబిరాలు పెట్టారు. ఇవాళ రక్తం అమ్ముకోవడం అంటే మన పిల్లలు నోరు తెరుస్తారు. ఈ దేశంలో రిచర్డ్ టిట్మస్ 1970లోనే ఈ మాట రాశాడు. డబ్బిచ్చి కొన్న రక్తంకంటే ఊరికే ఇచ్చిన రక్తమే శుభ్రమైనది, సమాజానికీ మంచిది అని.

ఇక మన బాధ్యత. ఈ దేశంలో 2025 మార్చి చివరికి అవయవాల కోసం ఎదురుచూస్తున్నవాళ్ళు 8,000 దాటారు. రక్తం గ్రూపు, కణజాలం కలవడం జాతిని బట్టి కూడా ఉంటుంది. బి గ్రూపు మనవాళ్ళలో ఎక్కువ, ఇక్కడి తెల్లవాళ్ళలో తక్కువ. కాబట్టి మనవాళ్ళకి సరిపోయే కిడ్నీ మనవాళ్ళ దగ్గర దొరకడానికే అవకాశం ఎక్కువ. కానీ దాతల జాబితాలో మనవాళ్ళు తక్కువ. వచ్చే జన్మలో కళ్ళు లేకుండా పుడతారేమో అన్న భయం కొందరిది. అశుభం మాట్లాడకూడదు అన్న మొహమాటం ఇంకొందరిది. ఇంగ్లండులో 2020 మే 20 నుంచి, వద్దని చెప్పని పెద్దవాళ్ళలో దాదాపు అందరూ ఒప్పుకున్నట్టే లెక్క. అయినా ఆస్పత్రివాళ్ళు కుటుంబాన్ని అడుగుతారు. ఆ రాత్రి ఐ.సి.యు. బయట నిలబడ్డ భార్యకి, పిల్లలకి మీ మనసులో మాట తెలియకపోతే వాళ్ళు వద్దనే అంటారు. తెలిస్తే ఆ ఒక్క మాట వాళ్ళకి పెద్ద దిక్కు.

శిబి చక్రవర్తి కథ మనందరికీ చిన్నప్పుడు చెప్పారు. పావురాన్ని కాపాడటానికి తన తొడ కోసి త్రాసులో వేశాడాయన. ఆ కథలో త్రాసుంది, తూకముంది. కానీ ధర లేదు. పైగా ఆ కథలో కోసి ఇచ్చింది రాజు, కాపాడింది దిక్కులేని పక్షిని. కిడ్నీ బజారులో జరిగేది దీనికి సరిగ్గా తలకిందులు. దిక్కులేనివాడు కోసి ఇస్తాడు, రాజు బతుకుతాడు.

ఈ రాత్రి భోజనాల దగ్గర, పిల్లలు కూడా ఉన్నప్పుడే, ఈ మాట ఎత్తండి. ఎన్.హెచ్.ఎస్. దాతల రిజిస్టర్లో మీ నిర్ణయం నమోదు చెయ్యడానికి రెండు నిమిషాలు చాలు. అవునో కాదో మీ ఇష్టం, కానీ ఇంట్లోవాళ్ళకి చెప్పండి. ఇండియాలో అమ్మానాన్నలతో మాట్లాడేటప్పుడు జీవన్‌దాన్ గురించి కూడా ఒక మాట వెయ్యండి. ఎవరైనా "మనిషి దొరికాడు" అని ఫోన్ చేస్తే, ఆ దొరికిన మనిషికి ఎంత అప్పుందో, ఇంట్లో ఎవరున్నారో అడగండి. ఆ తర్వాత బేరం మాట్లాడటానికి నోరు రాదు.